రాతి మీద వాన

నిన్న పొద్దున్న కంబోడియాలో బంతియాయ్ స్రే గుడికి వెళ్ళాను, ఇంకా ఆ ఎర్రటి రాయే కళ్ళ ముందు తిరుగుతోంది. 967లో ప్రతిష్ఠించిన శివాలయం, కట్టించింది రాజు కాదు, రాజు కొలువులో ఉన్న యజ్ఞవరాహుడనే పండితుడు. అంగ్‌కోర్ వాట్ చూసొచ్చిన కళ్ళకి చాలా చిన్నగా ఉంటుంది, కానీ చెక్కడం లేని చోటు కోసం వెతుక్కోవాలి.

వెళ్ళగానే గబగబా ఫోటోలు తీసేశాను. స్క్రీన్ మీద చూస్తే అన్నీ చప్పగా ఉన్నాయి, ఎందుకంటే పొద్దుటి ఎండ తూర్పు వైపు శిల్పాల మీద నేరుగా పడుతుంది, నీడలే ఉండవు. కెమెరా పక్కన పెట్టి కూర్చున్నాను. తొమ్మిది దాటి ఎండ పైకెక్కేసరికి, రావణుడు కైలాసాన్ని కుదుపుతున్న శిల్పంలో ఒక్కో తల కిందా నీడ దిగింది, భయంతో శివుణ్ణి పట్టుకున్న పార్వతి విడిగా కనిపించింది. చిన్నప్పటి నుంచి విన్న కథ, ఇంత దూరంలో!

నాకు మాత్రం ఖాండవ దహనమే ఎక్కువ నచ్చింది. పైన ఐరావతం మీద ఇంద్రుడు, కింద అడవి, మధ్యలో వాన. వానంటే ఏటవాలుగా వరసగా చెక్కిన సన్నటి గీతలు, అంతే. ఆ చేతులకి దండం పెట్టాలనిపించింది.

లోపలి గుళ్ళ దగ్గరికి పోనివ్వరు, తాడు కట్టారు. అదే మంచిది, 1923లో ఇక్కడి దేవతా శిల్పాలు పెకలించి పట్టుకుపోబోయి దొరికిపోయినవాళ్ళున్నారు. వెళ్ళేవాళ్ళు జూమ్ లెన్స్ మర్చిపోకండి, ఉదయమంతా ఈ ఒక్క గుడికే ఉంచుకోండి.