ఫోన్లు మార్చుకునే సినిమా, మా చెల్లె అడిగిన ప్రశ్న

2022 నవంబరు చివర్లో ‘లవ్ టుడే’ తెలుగులో వచ్చింది. అప్పటికే తమిళంలో మూడు వారాలుగా ఆడుతున్న సినిమా. ఇక్కడ దిల్ రాజు విడుదల చేశారు. మా చిన్నమ్మ కూతురికి శ్రావణంలో మాట ఖాయమైంది, పెళ్లి మాఘంలో. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా నల్లగొండ వచ్చాడు, కలిసి సినిమా చూద్దామని. చిన్నాయిన ఒకటే మాటన్నాడు: "అక్క వస్తెనే పోండ్రి." అట్లా నేను కూడా వెళ్లాను. మధ్య సీటు నాది కాదు, అది మాత్రం చెప్పాలి. ఆ చివర కూర్చున్నాను.

కథ తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. చెన్నైలో ప్రేమించుకున్న ఇద్దరు పెళ్లికి ఒప్పించడానికి అమ్మాయి నాన్న దగ్గరికి పోతారు. ఆ నాన్న సత్యరాజ్. ఆయన అరవడు, కొట్టడు. ఒక్క రోజు మీ ఫోన్లు మార్చుకోండి, ఆ తర్వాత కూడా ఇష్టమైతే చేసుకోండి అంటాడు. దర్శకుడు ప్రదీప్ రంగనాథన్ తనే హీరో. అంతకుముందు తను తీసిన షార్ట్ ఫిల్మ్‌నే పెంచి ఈ సినిమా చేశాడు. హీరోయిన్ ఇవానా. పాత పరిచయాలు, డిలీట్ చేయని చాట్లు, ఒకరికి చెప్పి ఒకరికి చెప్పనివి ఒక్కొక్కటిగా బయటికి వస్తుంటాయి.

మొదటి సగం నిజంగా బాగా నవ్వాను. మా బాల్కనీలో ఎన్‌జీ కాలేజీ పిల్లల్లా కనిపించిన కుర్రవాళ్లు ఒక వరుసంతా నిండిపోయారు. హీరో ఫోన్లో అమ్మాయిలకు పెట్టిన మెసేజ్‌లు బయటపడ్డప్పుడు ఈలలు, చప్పట్లు. "మనోడే" అని ఒకడు అరిచాడు. హీరోయిన్ పాత సంగతి బయటపడ్డప్పుడు మాత్రం ఆ వరుసలో నుంచే "ఛీ" అని వినిపించింది. ఇద్దరూ చేసింది ఇంచుమించు ఒకటే. అబ్బాయిది అల్లరి అయింది, అమ్మాయిది తప్పయింది. సినిమా ఈ తేడా పెట్టమని చెప్పలేదు, హాలు పెట్టుకుంది. నాకు అక్కడే మనసు కలుక్కుమంది. పక్కకు చూస్తే మా చెల్లె నవ్వడం ఆపేసింది.

నేను ఇంటర్ ఆడపిల్లలకు పాఠాలు చెప్తాను. వాళ్ల ఫోన్లలో ఏముంటుందో నాకు కొంత తెలుసు. సినిమాలో చూపించినట్టు ప్రేమ రహస్యాలు ఉన్నవాళ్లూ ఉంటారు. కానీ చాలామంది దాచేది భయం. ఎవడో తెలియనివాడు ఇన్‌స్టాలో పంపిన చెత్త, బంధువుల పెళ్లిలో తీసిన ఫొటోకు వేరే ఒళ్లు అతికించి పంపి "చెప్పినట్టు వినకపోతే మీ నాయినకు పంపుతా" అనే బెదిరింపు. ఇంట్లో చెప్తే ముందు గుంజుకునేది ఫోన్, తర్వాత మాన్పించేది కాలేజీ. అందుకే చెప్పరు. అట్లాంటి పిల్ల ఫోన్ ఎవరికీ ఇవ్వనంటే, ఏదో నడిపిస్తోందని అనుకుంటారు.

అందుకే రెండో సగంలో హీరోయిన్ పేరుతో మార్ఫింగ్ వీడియో బయటికి వచ్చినప్పుడు నాకు అది సినిమా మలుపులా అనిపించలేదు. ఆ పిల్ల ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూలిపోవడం ఇవానా చాలా నిజంగా చేసింది. ఈలల వరుస కూడా చప్పుడు చేయలేదు. యోగిబాబు కథ కూడా అంతే గట్టిగా తగిలింది. హీరో అక్కతో పెళ్లి ఖాయమైన మనిషి, ఫోన్ ముట్టుకోనివ్వడు. ఎవరో అమ్మాయి ఉందని అందరూ అనుమానపడతారు. తీరా చూస్తే తన ఒంటిని, రూపాన్ని ఎగతాళి చేస్తూ జనం పంపినవి కాబోయే భార్య చూడొద్దని దాచుకున్నాడు. అంతసేపు నవ్వించిన మనిషి ఏడిపించాడు. నా దృష్టిలో సినిమాకు ప్రాణం అదే. హీరో హీరోయిన్ల గొడవ కన్నా ఆ పది నిమిషాలకే టికెట్ డబ్బులు చెల్లు.

ఒక్కటి మాత్రం నాకు లోటు. అంత పెద్ద నేరం జరిగినా కథ ఎక్కువగా నమ్మకం చుట్టే తిరిగింది. వాడు నమ్ముతాడా లేదా అనేదే ప్రశ్న. ఆ పిల్ల ఎవరి దగ్గరికి పోవాలి? మన దగ్గర ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత జిల్లాలకు వచ్చాయి. సైబర్ నేరాలకు 1930 నంబర్ ఉంది. మహిళలకు 181 ఉంది. లైంగిక చర్యలు చూపించే వీడియోలు ఆన్‌లైన్‌లో పెట్టినా, పంచినా ఐటీ చట్టం 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. మా పిల్లలకు ఇవి బోర్డు మీద రాస్తాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, భయంతో డిలీట్ చేయకండి, ఆధారం పోతుంది అని చెప్తాను.

సినిమా అయ్యాక క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే చెల్లె కప్పు కింద పెట్టి సూటిగా అడిగింది.

"నా ముఖంతోని అట్లాంటి వీడియో నీకు వస్తే నువ్వు ముందు ఏం చేస్తవు?"

అబ్బాయి వెంటనే చెప్పలేదు. నా వైపు చూశాడు, నేను చాయ్ వైపు చూశాను. అది వాళ్లిద్దరి మధ్య మాట.

"నిజం చెప్పాల్నా? ముందు మా అమ్మ చూసిందా అని భయమైతది. తర్వాత నీకు ఫోన్ చేస్త."

చెల్లెకు కోపం వచ్చింది. "ముందు నేను ఎట్ల ఉన్ననో కాదా?" అంది. "అట్ల చెప్తే మంచిగుంటది, కానీ నాకు ముందు వచ్చేది అదే. మా ఇల్లు నాకు తెలుసు" అన్నాడు అతను. బస్‌స్టాండ్ దాకా ఇద్దరూ దాని మీదే వాదించుకున్నారు. "వదినా, మీరైనా చెప్పండి" అని నన్ను లాగబోయాడు. నేను చెప్పింది ఒక్కటే: "ఆ భయం గురించి మీ అమ్మగారితో ఇప్పుడే మాట్లాడండి, అవసరం వచ్చేదాకా ఆగకండి."

మాట్లాడాడు. తర్వాతి వారం వాళ్లమ్మే చెల్లెకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మాఘంలో పెళ్లి జరిగింది. అతను ఆ రోజు తియ్యగా అబద్ధం చెప్పి ఉంటే తనకు ఇంత ధైర్యం ఉండేది కాదని చెల్లె ఇప్పటికీ అంటుంది. నేనూ అదే అనుకుంటున్నాను.

ఇట్లాంటి కథ మన దగ్గర నుంచి ఒకటి రావాలని నాకు గట్టిగా ఉంది. మిర్యాలగూడలోనో దేవరకొండలోనో ఉండే పిల్ల, కాలేజీ బస్సులో ఫోన్ చున్నీ కింద పెట్టుకుని చాట్ చేసే పిల్ల. ఆమె నవ్వించాలి, ఆమే అడగాలి, ఆమే పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలి. అట్లాంటి సినిమా వస్తే మొదటి రోజు మ్యాట్నీకే పోతాను. ఈసారి చిన్నాయినను కూడా తీసుకుపోతాను.