బోట్ ఇంజన్ లాగ్: 1,412 గంటల దగ్గర

మా సెయిల్‌బోట్ సియాటెల్‌లో లేక్ యూనియన్‌లో ఉంటుంది, ఇంజన్ యన్మార్ 2జీఎమ్20ఎఫ్, రెండు సిలిండర్ల డీజిల్. తెరచాపలున్న బోటుకి ఇంజన్ ఎంత తిరుగుతుందిలే అనుకుంటారు గానీ ఇక్కడ్నించి సముద్రపు నీళ్ళలోకి పడాలంటే కెనాల్ పొడుగునా, బల్లార్డ్ లాక్స్ (సరస్సుకీ సముద్రానికీ మధ్య నీటి మట్టం మార్చి బోట్లని దాటించే గేట్లు) దాటేదాకా మోటారు మీదే పోవాలి, రావడమూ అంతే, పైగా ఎండాకాలం ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో గాలి పడిపోతూ ఉంటుంది, అలా గంటలు తెలీకుండానే పెరుగుతాయి.

మీటరు ప్రకారం ఇంజన్ ఇప్పటికి మొత్తం 1,412 గంటలు తిరిగింది, పోయినసారి ఆయిల్ మార్చింది 1,348 దగ్గర. ఆయిల్ మార్చాల్సిన 100 గంటలు ఇంకా కాలేదు, అయినా చలికాలం ముందే మార్చేశా. వాడిన ఆయిల్‌లో చేరిన తేమ, ఆమ్లం నెలల తరబడి బేరింగుల మీద ఉండిపోవడం నాకిష్టం లేదు. తక్కువ తిరిగే ఇంజన్‌కి గంటల కంటే క్యాలెండరే ముందొస్తుంది, అందుకే పుస్తకంలో ప్రతి పని పక్కనా గంటలూ తేదీ రెండూ రాస్తా. కాసేపు నడిపి ఆయిల్ వేడెక్కాక డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతి పంపుతో లాగితే బాగా వస్తుంది, ఫిల్టర్ కూడా అప్పుడే.

గంటల లెక్క డీజిల్‌కీ పనికొస్తుంది. అలల్లో ఫ్యూయల్ గేజ్ ముల్లు ఊగుతూనే ఉంటుంది, నమ్మలేం, కాబట్టి గంటకి అర గాలన్ చొప్పున వేసుకుంటా, ట్యాంక్ నింపినప్పుడు దానికంటే ఎక్కువ పట్టిందంటే ప్రొపెల్లర్‌కి నాచు పట్టిందేమో చూడాలి.

యానోడ్ (మిగతా లోహం తుప్పు పట్టకుండా తను ముందు కరిగిపోయే లోహపు ముక్క) సంగతి మాత్రం మా చోటుని బట్టే తేల్చుకోవాలి. బోటు ఉండేది మంచినీళ్ళలో, తిరిగేది ఉప్పునీళ్ళలో. జింక్‌కి మంచినీళ్ళలో పైన పొర కట్టి పని చెయ్యడం మానేస్తుంది, మెగ్నీషియం ఉప్పునీళ్ళలో త్వరగా కరిగిపోతుంది, అల్యూమినియం రెండింట్లోనూ పనిచేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద అల్యూమినియందే పెట్టా, సగం అరిగితే మార్చెయ్యడమే.

నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, ఏటా వసంతంలో విప్పి చూస్తా, ఒక్క రెక్క ఊడినా ఆ ముక్క ఇంజన్ వేడిని బయటి నీళ్ళకి వదిలే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఎక్కడ ఇరుక్కుందో దొరికేదాకా వెతకాల్సిందే. బెల్ట్ కింద నల్ల పొడి కనిపిస్తే బెల్ట్ అరుగుతున్నట్టు. బ్యాటరీ ఛార్జింగ్ కోసమని లోడ్ లేకుండా గంటలు గంటలు ఐడిల్‌లో పెట్టడం మంచిది కాదు, పొగ బయటికి పోయే వంపు గొట్టంలో, అంటే ఎగ్జాస్ట్ ఎల్బోలో, మసి పేరుకుపోతుంది.

తర్వాతి పని ఆ ఎల్బోనే. బోల్టులు పాతవి, తుప్పు వదిలించే స్ప్రే ఇప్పట్నించే కొట్టి ఉంచుతున్నా, వసంతంలో విప్పి లోపల మసి ఎంత మందాన ఉందో గంటలతో సహా రాస్తా.