ఏడవ తరగతి పిల్లల నిద్ర

మా అమ్మాయి ఇప్పుడు ఏడవ తరగతి చదువుతోంది. హన్మకొండలో ఈ వయసు పిల్లలున్న ఏ ఇంటికి వెళ్లినా మాట ఐఐటీ ఫౌండేషన్ (ఐఐటీ ప్రవేశపరీక్షకు బడి రోజుల నుంచే ఇచ్చే శిక్షణ) మీదికే పోతుంది. ఎక్కడ చేర్పించారు, వారానికి ఎన్ని పరీక్షలు, ర్యాంకు ఎంత అని అడిగేవారే గానీ, పిల్ల రాత్రి ఎన్నింటికి పడుకుంటోందని అడిగేవారు కనిపించరు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల విషయంలో తల్లిదండ్రులు మొట్టమొదట కాపాడవలసింది నిద్రనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. ఆరున్నరకు బడి బస్సెక్కి, సాయంత్రం స్టడీ అవర్ ముగించుకొని, చీకటి పడ్డాక ఇల్లు చేరి, అన్నం తిన్న తర్వాత హోంవర్కుకు కూర్చునే పన్నెండేళ్ల పిల్ల పదకొండింటికి పడుకుని ఐదున్నరకు లేస్తే ఆమెకు దక్కేది ఆరున్నర గంటలే. తక్కువలో తక్కువ లెక్క వేసినా రోజుకు రెండున్నర గంటల లోటు. ఒక్క ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంటే అది తీరదు.

పైగా యుక్తవయసు మొదలయ్యేటప్పుడు నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను రాత్రిపూట మునుపటికంటే ఆలస్యంగా విడుదలవుతుంది. ఫోను వెలుతురు దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. అందువల్ల తొమ్మిదింటికి నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామున లేవలేకపోవడం పిల్లల మొండితనం కాదు. "పొద్దెక్కినా లేవదేంది ఈ పిల్ల?" అని మొదట్లో విసుక్కున్న మా అత్తమ్మే, ఈ సంగతి విన్న తర్వాత రాత్రి తొమ్మిది కాగానే తన టీవీ కట్టేసి, ముందుగదిలో లైటు తీసేస్తున్నారు.

పెరుగన్నం ముద్ద చేతిలో ఉండగానే మా అమ్మాయి కళ్లు మూతపడటం చూస్తాను. "అమ్మా, ఒక్క లెక్కే మిగిలింది" అంటుంది. "పండుకో బిడ్డా, పొద్దున చూద్దాం" అని పుస్తకం మూసేస్తాను. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంలో బాగా స్థిరపడేది నిద్రలోనే, ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేదీ గాఢనిద్రలోనే. అటువంటప్పుడు చదువు కోసం నిద్ర తగ్గించడంలో అర్థం లేదు. ఐఐటీ ప్రవేశపరీక్ష అయిన జేఈఈలో ప్రశ్నలు ప్రధానంగా ఇంటర్మీడియట్ స్థాయి పాఠాల నుంచి వస్తాయి. ఏడవ తరగతిలో భిన్నాలు, నిష్పత్తులు, రుణసంఖ్యలు తేటగా వస్తే అదే అసలైన పునాది అని నా అభిప్రాయం.

మీ పిల్లకు ఎంత నిద్ర కావాలో తెలుసుకోవాలంటే బతుకమ్మ, దసరా సెలవుల్లో గమనించండి. పాత లోటు తీరడానికి మొదటి కొన్ని రోజులు విడిచిపెట్టి, ఆ తర్వాత అలారం లేకుండా ఎన్ని గంటలు పడుకుంటుందో చూస్తే సరిపోతుంది.

ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో, ఎనిమిదవ తరగతి వరకు చివరి స్టడీ అవర్ ఎత్తివేయాలని, అది కుదరకపోతే ఆ గంటలోనే హోంవర్కు పూర్తి చేయించి పంపాలని రాతపూర్వకంగా కోరబోతున్నాను. మా వాడకట్టులోని మరికొందరు తల్లులు కూడా ఆ ఉత్తరంపై సంతకం చేస్తామన్నారు.