కుట్టిన పడవ, చెమ్మగాలి

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి కిందనున్న కారు షెడ్డు పొడవు 18 అడుగులు, నేను కట్టదలచుకున్న కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) పొడవు 16 అడుగులు. ఆ రెండడుగుల తేడాను నమ్ముకొని సంక్రాంతి వెళ్లగానే పని మొదలుపెట్టాను. కారు మాత్రం పది నెలలకు పైగా వీధిలో చెట్టు కింద కాకుల పాలైంది. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది.

నేను అనుసరించిన పద్ధతిలో ముందుగా చట్రం నిలబెట్టడమంటూ ఉండదు. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను నక్షాలోని కొలతల ప్రకారం పొడవాటి పలకలుగా కోసి, అంచుల వెంబడి సన్నని రంధ్రాలు చేసి, రాగి తీగ ముక్కలతో ఒకదానికొకటి కుట్టి, లోపలి మూలల్లో ఎపాక్సీ అనే, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురును చిక్కగా నింపి, అది గట్టిపడ్డాక తీగలు లాగేసి, పైన ఫైబర్ గ్లాసు గుడ్డ పరచి ఎపాక్సీతో తడుపుతారు. పట్టకారుతో తీగను మెలితిప్పుతున్నకొద్దీ చదునైన పలకలు వంపు తిరిగి పడవ రూపానికి వస్తాయి. 1960లలో ఇంగ్లండులో ఒక దినపత్రిక ప్రోత్సాహంతో వెలువడిన మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ ఈ విధానాన్ని ఎందరి ఇళ్లకో చేర్చింది.

తీగలు బిగిస్తున్న రోజుల్లోనే, పెద జాలారిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే ముసలమ్మ గంప దించి, షెడ్డులోకి తొంగి చూసి, "మా అయ్య కాలంలో పడవలు ఇలాగే కుట్టీవోళ్ళు బాబూ. ఆళ్ళు కొబ్బరి తాడెట్టి కుట్టీవోళ్ళు, నువ్వు తీగెట్టి కుట్టినావు" అంది. ఆమె చెప్పింది మాసుల పడవల గురించి. మేకులు లేకుండా, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి చేసిన ఆ పడవలు అల దెబ్బకు విరగకుండా వంగి నిలిచేవి. 1933లో విశాఖ లోపలి రేవు తెరుచుకునే దాకా ఓడలు సముద్రంలోనే లంగరు వేసి ఉండగా, సరుకు ఇటువంటి కుట్టు పడవల మీద ఒడ్డుకు చేరేది. వాటికి కుట్టే బలం కాగా, నా పడవలో కుట్టు ఎపాక్సీ గట్టిపడే దాకా పలకలను పట్టి ఉంచే తాత్కాలికపు ఏర్పాటు మాత్రమే. ఈ తేడాను ఆమెకు వివరించబోయాను కానీ, అప్పటికే ఆమె కానాగంతల ధర చెప్పడం మొదలుపెట్టింది.

ప్లైవుడ్ కొనేటప్పుడు దాని మీది ముద్రను గుడ్డిగా నమ్మకూడదు. మన దేశంలో మెరైన్ ప్లైవుడ్‌కు, అంటే నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు, ఐఎస్ 710 ప్రమాణం ఉంది. దాని ప్రకారం ముక్కను 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోకూడదు. నేను రెండు దుకాణాల నుంచి అరచేయంత ముక్కలు తెచ్చి, పాత అల్యూమినియం గిన్నెలో ఉదయం సాయంత్రం ఉడికించాను. రెండో రోజుకే ఒక ముక్క పూతరేకులా విచ్చుకుంది. ముద్ర దాని మీదా ఉంది. నిలిచిన రెండో రకాన్నే మూడు పలకలు కొన్నాను. విదేశీ నక్షాలు గాబన్ దేశపు ఒకూమే చెక్కను దృష్టిలో పెట్టుకొని గీసినవి. అది మన దగ్గర దొరికే మెరైన్ ప్లైవుడ్ కంటే బాగా తేలిక. అందువల్ల నక్షాలో 19 కిలోలని రాసి ఉన్న పడవ నా చేతిలో 26 కిలోలైంది. పలక పొడవు ఎనిమిది అడుగులే కనుక, రెండేసి పలకల అంచులను మందానికి ఎనిమిది రెట్లు, అంటే 32 మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి ఆనించి అతికించాను. ఆ అతుకుల్లో కొంత పొడవు పోయింది కాబట్టి, పదహారు అడుగులని చెప్పుకుంటున్నా నా కయాక్ నిజానికి అంతకు కాస్త తక్కువే.

చెక్కపని నెలన్నరలో ముగిసింది. మిగిలిన కాలమంతా ఎపాక్సీతోనూ విశాఖ వాతావరణంతోనూ గడిచింది. నేను వాడిన రకంలో వంద గ్రాముల రెసిన్ అనే జిగురు ద్రవానికి, దాన్ని గట్టిపరిచే హార్డనర్ పది గ్రాములు కలపాలి. ఫైబర్ పడవలు బాగుచేసే ఒక మేస్త్రీ, త్వరగా గట్టిపడాలంటే హార్డనర్ ఇంకొంచెం పోయమన్నాడు. పాలియెస్టర్ రెసిన్‌తో పనిచేసే వారికి అది కొంతవరకు సబబే, ఎందుకంటే అక్కడ పోసేది చర్యను మొదలుపెట్టే పదార్థం మాత్రమే. ఎపాక్సీలో హార్డనర్ రెసిన్‌తో కలిసి ఆ గట్టి పదార్థంలో భాగమైపోతుంది. మోతాదు మించినది లోపలే మిగిలిపోయి అతుకును బలహీనపరుస్తుంది. పది గ్రాముల దగ్గర రెండు గ్రాములు హెచ్చితే అది అయిదో వంతు తప్పు. అందుకే బంగారం తూచే చిన్న త్రాసు కొన్నాను.

త్రాసు ఉన్నా తెలివి ఉండాలి కదా. మే నెల మధ్యాహ్నం ఒక లోతైన ప్లాస్టిక్ మగ్గులో మూడు వందల గ్రాములు ఒకేసారి కలిపాను. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మరింత త్వరగా గట్టిపడుతుంది. లోతైన పాత్రలో ఆ వేడికి బయటకు పోయే దారి ఉండదు. కొన్ని నిమిషాల్లోనే పొగ లేచింది, మగ్గు అడుగు కరిగి కుంగింది. అప్పటి నుంచి వంద గ్రాములకు మించకుండా కలిపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరచుకునేవాణ్ణి.

వేడి తప్పించుకోవడానికి తెల్లవారుజామున పని చేద్దామనుకుంటే చెమ్మ అడ్డుపడింది. ఆ వేళ నా గోడ మీటరు తేమ 85 శాతం దాటి చూపేది. హార్డనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి, ఉపరితలం మీద మైనం వంటి జిడ్డు పొర కట్టిస్తాయి. దాని మీద మరో పూత వేస్తే అది సరిగా అతుక్కోదు. ఉప్పు కాగితంతో రుద్దితే జిడ్డు కాగితానికి పట్టుకుంటుంది తప్ప పూర్తిగా పోదు. మామూలు నీటితో, గిన్నెలు తోమే పీచుతో కడిగి, తుడిచి, ఆరాక మాత్రమే ఉప్పు కాగితం పట్టాలి. దీనికి తోడు, పొద్దున ఎండ ఎక్కుతున్నకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. చివరకు సాయంత్రం అయిదు దాటాక, చెక్క చల్లబడుతుండగా పూత వేయడమే సరైనదని తేలింది. జిడ్డు అప్పుడూ కట్టేది, కానీ కడిగితే పోయే దాన్ని భరించవచ్చు, గట్టిపడిన బుడగలను గీకలేము. మూలల్లో నింపే ముద్దకు వడ్రంగి దుకాణంలో దొరికిన మెత్తని రంపపు పొట్టును జల్లించి, గరిట తిరగేసినా జారని గట్టి పచ్చడిలా కలుపుకున్నాను. చేతి తొడుగులు లేకుండా ఒక్క రోజు కూడా ముట్టుకోలేదు, ఎందుకంటే ఒకసారి చర్మానికి ఎపాక్సీతో అలర్జీ వస్తే అది సాధారణంగా జీవితాంతం పోదు.

గుడ్డ పరచడం ఒక్క సాయంత్రంలో ముగిసింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎపాక్సీని పాడుచేస్తాయి కనుక, వాటిని తట్టుకునే వార్నిష్ మూడు పూతలు వేశాను.

తుపానుల ఉధృతి కాస్త తగ్గాక, డిసెంబరు మొదటి ఆదివారం తెల్లవారాక, లైఫ్ జాకెట్ తొడుక్కొని భీమిలి వద్ద గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త పైన, నిలకడ నీటిలో పడవను దించాను. తెడ్డు వేసిన గంట సేపట్లో అది తిన్నగానే నడిచింది. ఒడ్డుకు వచ్చి పడవ వెనుక భాగంలోని గది మూత తీస్తే లోపల అర గ్లాసు నీరుంది. ఇంటికి తెచ్చి, మూత బిగించి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి ఎక్కించి, అతుకుల వెంట సబ్బు నురుగు పూశాను. వెనుక కొస నుంచి మూడో కుట్టు దగ్గర, పైకప్పు పక్క పలకను కలిసే చోట, గుడ్డ సరిగా ఆననిచోట, పూడ్చడం మరచిన తీగ రంధ్రంలోంచి చిన్న బుడగ లేచి పగిలింది.