బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీదుగా స్మోకీస్ క్యాబిన్‌కి: మేమిద్దరం కారులో వెళ్లిన అనుభవం

అమెరికాలో నార్త్ కరోలైనా, టెనెసీ సరిహద్దులో ఉన్న స్మోకీ మౌంటెన్స్‌లో క్యాబిన్ (అద్దెకిచ్చే కొండ ఇల్లు) తీసుకుందామనుకునేవాళ్లు ముందు అడిగేది ఎన్ని గంటల్లో చేరతామని. మేమిద్దరం ఆ లెక్క పక్కన పెట్టేశాం. మాకు క్యాబిన్ ఎంత ముఖ్యమో దారి కూడా అంతే ముఖ్యం, అందుకే ఇంటర్‌స్టేట్ హైవే వదిలేసి నార్త్ కరోలైనాలో కొండల మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే రోడ్డు ఎక్కి, అది అయిపోయే చెరోకీ అనే ఊరి దగ్గర దిగి, న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ మీదుగా కొండ దాటి, టెనెసీ వైపు గాట్లిన్‌బర్గ్ పైన ఉన్న క్యాబిన్‌కి వెళ్లాం. చాలా బాగుంది, కానీ ఊరికే కారెక్కి బయల్దేరితే అయ్యే పని కాదు. ఏమేం చూసుకున్నామో, ఎక్కడ టెన్షన్ పడ్డామో వివరంగా రాస్తున్నాను.

మేం వెళ్లింది అక్టోబర్ చివర్లో, ఫాల్ కలర్స్ కోసం. ఇక్కడ రంగులు ఒకేసారి రావు. ఎత్తు మీద ముందు మొదలై మెల్లగా కిందికి దిగుతాయి. అయిదారు వేల అడుగుల దగ్గర ఆకులు రాలిపోయే సమయానికి కింద లోయల్లో ఇంకా మంచి రంగులో ఉంటాయి. కాబట్టి ఒకే రోజు ఎక్కి దిగే ఇలాంటి దారిలో మోడు కొమ్మలూ ఎరుపూ పసుపూ పచ్చా అన్నీ వరసగా కనిపిస్తాయి. రద్దీ కూడా ఆ నెలలోనే ఎక్కువ, వీలైతే శని ఆదివారాలు తప్పించండి.

క్యాబిన్ బుక్ చేసేముందు మా ఆయన హాట్ టబ్ ఉందా, బాల్కనీలోంచి కొండలు కనిపిస్తాయా అని చూస్తుంటే నేను చివరి మైలు గురించి అడగడం మొదలుపెట్టాను. ఆ ప్రాంతంలో చాలా క్యాబిన్లు కొండవాలు మీద ఉంటాయి, లోపలికి వెళ్లే దారి బాగా నిటారుగా ఉండొచ్చు. తారు రోడ్డా కంకర రోడ్డా, ఎదురుగా కారొస్తే తప్పుకోవడానికి చోటుందా, మామూలు కారు ఎక్కుతుందా అని ఓనర్‌కి మెసేజ్ పెడితే ఆయన కారులోంచి తీసిన వీడియో పంపించారు. ఎన్ని ఫొటోలు చూసినా అర్థం కానిది ఆ ఒక్క వీడియోతో తెలిసింది. ఎంత బాగున్నా ఈ వివరం చెప్పని క్యాబిన్‌ని నేనైతే తీసుకోను.

తర్వాత రోడ్డు సంగతి. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన హెలీన్ తుఫానుకి పార్క్‌వే నార్త్ కరోలైనాలో చాలా చోట్ల దెబ్బతింది. కొండచరియలు విరిగిపడ్డాయి, కొన్నిచోట్ల రోడ్డే కొట్టుకుపోయింది. మేం వెళ్లినప్పుడు కూడా ఆష్‌విల్‌కి ఉత్తరాన కొంత భాగం మూసే ఉంది. నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఏ మైలురాయి నుంచి ఏ మైలురాయి దాకా తెరిచి ఉందో ఒక పట్టిక ఉంటుంది, బయల్దేరే రోజు పొద్దున కూడా దాన్ని చూడండి. చలికాలంలో మంచు పడితే ఈ రోడ్డు మీద ఉప్పు చల్లరు, గేట్లు వేసేస్తారు. ఇక్కడ అడ్రస్ అంటే మైలురాయే. వర్జీనియాలో రాక్‌ఫిష్ గ్యాప్ దగ్గర సున్నాతో మొదలై చెరోకీ దగ్గర 469తో అయిపోతుంది. మేం ఆగాలనుకున్న చోట్లన్నీ మా ఆయన మైలు నంబర్లతో కాగితం మీద రాసి పెట్టుకున్నారు, ఫోన్‌లో మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో దించుకున్నారు. సిగ్నల్ చాలా చోట్ల లేదు కాబట్టి రెండూ పనికొచ్చాయి. పార్క్‌వే మీద పెట్రోల్ బంకు ఒక్కటి కూడా ఉండదు, ఎక్కేముందే ట్యాంక్ నింపుకోవాలి.

బ్లోయింగ్ రాక్ దగ్గర ఎక్కాం. ఎక్కీ ఎక్కగానే తేడా తెలుస్తుంది. లారీలు లేవు, హోర్డింగులు లేవు, చాలా చోట్ల స్పీడ్ 45 మైళ్లు దాటకూడదు. వెనకెవరైనా తొందరపడుతుంటే పక్కన వ్యూ పాయింట్‌లోకి తప్పుకుని దారి ఇచ్చేశాను. అవి వరసగా వస్తూనే ఉంటాయి. 304వ మైలు దగ్గర లిన్ కోవ్ వయాడక్ట్ అనే పొడవాటి వంతెన వస్తుంది. 1935లో మొదలైన ఈ రోడ్డు 1987కి గానీ పూర్తి కాలేదంటే కారణం గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ చుట్టూ ఉన్న ఈ ముక్కే. కొండని తవ్వకుండా, బండరాళ్లు చెదరకుండా, వేరేచోట పోతపోసిన కాంక్రీటు ముక్కల్ని తెచ్చి ఒకదానికొకటి అతికిస్తూ కట్టుకుంటూ పోయారు. కారులో దాని మీద వెళ్తే నిమిషంలో అయిపోతుంది. ఆపి, కింద ఉన్న కాలిబాటలో కొంచెం దూరం నడిచి పైకి చూస్తే అప్పుడు తెలుస్తుంది, బండలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, రోడ్డే వాటిని తప్పించుకుని వంకరలు తిరిగింది. నేనైతే చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నాకు ఘాట్ రోడ్డు పడదు, పక్క సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పేస్తుంది. స్టీరింగ్ నా చేతిలో ఉంటే మాత్రం ఏమీ కాదు, ఎందుకంటే మలుపు ఎటు తిరగబోతోందో శరీరానికి ముందే తెలుస్తుంది. అందుకని మలుపులున్న దారంతా నేనే నడిపాను, మా ఆయన మైలురాళ్లు చూసి చెబుతూ వచ్చారు. మీ ఇద్దరిలో ఎవరికి తిప్పుతుందో వాళ్లకి డ్రైవింగ్ వస్తే తాళాలు వాళ్లకే ఇవ్వండి.

మూసి ఉన్న భాగం రాకముందే దిగి, కింద హైవే మీద ఆష్‌విల్ చేరి, రాత్రికి అక్కడే ఆగాం. ఇది ముందే అనుకున్నదే. ఆష్‌విల్ నుంచి చెరోకీ దాకా పార్క్‌వే మీద సుమారు ఎనభై మైళ్లు, నన్నడిగితే మొత్తం ప్రయాణంలో అందమైన భాగం అదే. వరసగా సొరంగాలు, ఎండ బాగా ఉన్నా లోపల హెడ్‌లైట్లు వేయాల్సిందే. 431వ మైలు దాటాక రిచ్‌లాండ్ బాల్సమ్ దగ్గర 6,053 అడుగులు, పార్క్‌వేలో అన్నిటికంటే ఎత్తైన చోటు. అక్కడ బోర్డు దగ్గర దిగితే గాలి కోతకి స్వెటర్ చాల్లేదు. కిందికీ పైకీ ఫారెన్‌హీట్‌లో పది ఇరవై డిగ్రీలు తేడా ఉండొచ్చు, జాకెట్లు డిక్కీలో అడుగున పెట్టకండి.

అప్పటి నుంచీ నా దృష్టంతా టైమ్ మీదే. అక్టోబర్ చివర్లో ఏడు కాకముందే పొద్దు గూకుతుంది, కొండల మధ్య ఇంకా ముందే చీకటి పడినట్టుంటుంది. "ఇంకొక్కచోట ఆగుదాం, వాటర్‌రాక్ నాబ్ దగ్గర సూర్యాస్తమయం బాగుంటుందట" అన్నారు మా ఆయన. "మీరు కావాలంటే ఇంకోసారి వద్దాం, క్యాబిన్‌కెళ్లే ఆ కంకర దారి మాత్రం నేను చీకట్లో ఎక్కను" అన్నాను. ఆగకుండానే వచ్చేశాం.

చెరోకీ దగ్గర పార్క్‌వే వదిలి 441 హైవే మీద న్యూఫౌండ్ గ్యాప్ ఎక్కుతుంటే పొగమంచు దిగింది. 5,046 అడుగుల ఎత్తులో రెండు రాష్ట్రాల సరిహద్దు అది, 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈ గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుని ప్రజలకి అంకితం చేసింది కూడా అక్కడే, కానీ మాకు పార్కింగ్‌లో ముందున్న కారు తప్ప ఏమీ కనపడలేదు. హై బీమ్ వేస్తే తెల్లటి గోడ వచ్చి మీద పడ్డట్టుంది, లో బీమ్‌లోనే నయం. దిగేటప్పుడు లో గేర్‌లోకి మార్చేశాను. ఇంజిన్ కాస్త గట్టిగా అరుస్తుంది, దానికి భయపడక్కర్లేదు, కారుని పట్టి ఉంచేది అదే. బ్రేకు మీద కాలు అలాగే పెట్టి దిగితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. కింద ఒక వ్యూ పాయింట్ దగ్గర ఆగితే పక్క కారు చక్రాల్లోంచి బ్రేకులు కాలిన ఘాటు వాసన, అందులోని పెద్దాయన బానెట్ ఎత్తి చూస్తున్నారు. కాసేపు చల్లారనిచ్చి లో గేర్‌లో దిగమని మా ఆయన వెళ్లి చెప్పి వచ్చారు.

క్యాబిన్ దారి వీడియోలో చూసినట్టే ఉంది, వెలుతురు ఉండగానే ఎక్కేశాం. తలుపు కోడ్ ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాం, అక్కడ నెట్ లేదు.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఎలుగుబంట్ల గురించి. చెత్త బయట పెట్టకూడదు, కారు తాళం వేయాలి, తినేవేవీ కారులో ఉంచకూడదు, ఎందుకంటే ఇక్కడి నల్ల ఎలుగులు కారు తలుపు హ్యాండిల్ లాగి తీసేస్తాయి. పార్కులో వాటికి కనీసం 50 గజాల దూరంలో ఉండాలన్నది చట్టం. రెండోది నిప్పు గురించి. 2016 నవంబర్‌లో పార్కులో మొదలైన మంట విపరీతమైన గాలికి గాట్లిన్‌బర్గ్ మీదికి వచ్చి 14 మంది ప్రాణాలు తీసింది. ఆ విషయం తెలిసి కూడా ఆరుబయట మంట వేసి ఆర్పకుండా పడుకునేవాళ్లుంటే నాకు కోపం వస్తుంది. దయచేసి నీళ్లు పోసి, బూడిద చేత్తో తాకగలిగేంత చల్లబడిందని చూసుకుని అప్పుడు లోపలికి వెళ్లండి.

పార్కుకి ఎంట్రీ ఫీజు లేదు, కానీ 2023 మార్చి నుంచి 15 నిమిషాలకి మించి ఎక్కడ ఆపినా పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. ఆన్‌లైన్‌లో కొంటే ప్రింట్ తీసుకునే వెళ్లండి, ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోరు. పార్కులో ఎత్తైన శిఖరం కువోహీ, 6,643 అడుగులు. ఇదివరకు క్లింగ్‌మన్స్ డోమ్ అనేవాళ్లు, 2024 సెప్టెంబర్‌లో అక్కడి మూలవాసులైన చెరోకీల పాత పేరు తిరిగి పెట్టారు. పైకి వెళ్లే రోడ్డు డిసెంబర్ నుంచి మార్చి దాకా మూసేస్తారు. మేం తెల్లవారుజామునే వెళ్లడంతో పార్కింగ్ సులువుగా దొరికింది. అక్కణ్నుంచి శిఖరం మీద చుట్టూ చూడ్డానికి కట్టిన టవర్ దాకా అర మైలే, కానీ నిటారుగా ఎక్కాలి, మేం ఆగి ఆగి ఎక్కాం. పైనుంచి చూస్తే కొండ వెనక కొండ, అన్నిటి మీదా నీలం పొర. చెట్లు వదిలే ఆవిర్లు నీలం కాంతిని చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుందట.

తిరుగు ప్రయాణానికి ముందు వేర్స్ వ్యాలీ నుంచి వాలండ్ దాకా ఫుట్‌హిల్స్ పార్క్‌వే మీద కూడా వెళ్లాం. 1944లో అనుమతి వచ్చిన ఈ రోడ్డులో ఆ 16 మైళ్ల ముక్క 2018లో గానీ తెరుచుకోలేదు. మేం వెళ్లినప్పుడు రద్దీ చాలా తక్కువగా ఉంది, ఆగే చోట్లు బోలెడు, స్మోకీస్ మొత్తం ఒక పక్కన పరుచుకుని కనిపిస్తాయి. న్యూఫౌండ్ గ్యాప్ దిగడం భయమనిపిస్తే ముందు దీని మీద ఒకసారి నడిపి చూడండి, దీని మలుపులు కాస్త విశాలంగా ఉంటాయి.