నొప్పి లేని నల్లపక్కు

కార్తీకంలో వస్తామని హైదరాబాదు నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను మొదట వద్దనే అన్నాను. వాళ్లకు వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మా తిరుపతి పక్క అసలు వాన దీపావళి చుట్టూ మొదలవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే శేషాచలం మీద రెండు మూడు రోజులు వదలకుండా కురుస్తుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు నడకదారి దెబ్బతింటే, మళ్లీ తెరిచేసరికి మే నెల వచ్చింది.

"వదినా, నీళ్లు ఉన్నప్పుడే కదా తలకోన చూడాల" అనింది తను. అదీ నిజమే. 270 అడుగుల పైనుంచి నీళ్లు దూకడం చూడాలంటే వాన పడినాకే పోవాల. పైగా కార్తీకం, వనభోజనాల నెల. భాకరాపేట మీదుగా రెండు కార్లలో పోయినాం. సిద్ధేశ్వరస్వామి గుడిలో దీపం పెట్టి, జలపాతం కింద తడిసి, ఒక ఉసిరిచెట్టు చూసుకుని కింద కూర్చున్నాం. మోకాటి ఎత్తు గడ్డి, పచ్చగా నిగనిగలాడుతోంది. చాప మర్చిపోయినాం. "గడ్డే మెత్తగా ఉంది" అని అందరూ ఎక్కడివాళ్లు అక్కడ కూర్చుని పులిహోర, వడలు తిన్నాం. నేను పావడా రెండోది తెచ్చుకోలేదు. తడిసినదాన్ని పొద మీద ఆరేసి, అంతదాకా ఆడబిడ్డ చుడీదారు వేసుకుని, ఆరినాక అదే కట్టుకుని ఇంటికొచ్చినాను. పురుగు పట్టింది ఆ గడ్డిలోనో ఆ పావడాలోనో ఇప్పటికీ తెలియదు. కుట్టినట్టే తెలియలేదు.

పదకొండో రోజు సాయంత్రం బడి నుంచి వస్తుంటే వణుకు పట్టుకుంది. రాత్రికి 103. తలనొప్పి అట్లా ఇట్లా కాదు, కనుగుడ్లను వెనకనుంచి ఎవరో లాగుతున్నట్టు. రెండు రోజులు పారాసిటమాల్‌తో గడిపి మూడో రోజు దగ్గరలోని క్లినిక్‌కు పోయినాను. డెంగీ లేదు, మలేరియా లేదు. టైఫాయిడ్‌కు చేసే వైడల్ రక్తపరీక్షలో ఏవో అంకెలు కొంచెం ఎక్కువగా కనిపించాయి. టైఫాయిడ్ అన్నారు. రోజుకు రెండు పూటలా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, ఐదు రోజులు.

జ్వరం ఒక్క పాయింటు దిగలేదు. ప్లేట్‌లెట్లు 62 వేలకు పడిపోయినాయి. మా అత్త ఎక్కడెక్కడో అడిగి బొప్పాయి ఆకులు తెచ్చి, రసం పిండి, "కండ్లు మూసుకుని మింగు మే" అని తాపించింది. ఆ చేదు కంటే ఆమె ముఖంలో భయమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఎనిమిదో రోజుకు పొడిదగ్గు, తొమ్మిదో రోజుకు మంచం మీదనుంచి బాత్రూమ్‌కు నడిస్తే ఆయాసం. చెవుల్లో గుయ్యిమని ఒకటే శబ్దం. అమ్మాయి పిలిస్తే ఎక్కడో దూరంనుంచి వినిపించేది. ఆ రాత్రే మా ఆయన పెద్దాసుపత్రికి తీసుకుపోయినాడు. ఆక్సిజన్ పెట్టినారు.

ఇక్కడే చెప్పాల్సిన సంగతి ఉంది. నడుముకు కుడిపక్కన, సరిగ్గా పావడా బొందు పడే చోట, ఒక నల్లటి పక్కు ఉన్నట్టు నాకు వారంనుంచే తెలుసు. మిరియం గింజకంటే కొంచెం పెద్దది. చుట్టూ ఎర్రటి వలయం. నొప్పి లేదు, దురద లేదు. బొందు ఒరుసుకుపోయి పక్కు కట్టిందనుకున్నాను. మనకు ఆ చోట ఒరుపు, నల్లమచ్చ కొత్తేమీ కాదు కదా. క్లినిక్‌లో డాక్టరుగారు మగాయన. నాలుక చూసినాడు, కడుపు నొక్కినాడు చీర మీదనుంచే. "ఒంటిమీద ఎక్కడైనా పుండు ఉందా" అని ఆయన అడగలేదు. అడిగినా నేను చెప్పి ఉండేదాన్నో లేదో. ఎన్ని రోజుల జ్వరమొచ్చినా చీర కుచ్చిళ్లు దాటి ఎవరికీ ఏదీ చూపించకూడదన్నట్టే పెరిగినాను.

కనిపెట్టింది ఒక నర్సమ్మ. తెల్లవారుజామున ఒళ్లు తుడవడానికి వచ్చి, బొందు వదులు చేసి, అక్కడే ఆగిపోయింది. "ఇది ఎప్పటినుంచమ్మా?" అనింది. బొందు ఒరుపని చెప్పినాను. ఆమె తల అడ్డంగా ఊపి, టార్చి తెచ్చుకుని ఇంకోసారి చూసి, డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ చూడగానే, "ఈమధ్య అడవిలో గానీ, పొలంలో గానీ గడ్డిలో కూర్చున్నారా?" అని అడిగింది. నా కళ్లలో నీళ్లు తిరిగినాయి. తొమ్మిది రోజుల్లో ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు.

స్క్రబ్ టైఫస్. పేరులో టైఫస్ ఉన్నా టైఫాయిడ్‌కు దీనికి సంబంధం లేదు. గడ్డిలో, పొదల్లో ఉండే ఒక జాతి నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, ఇంగ్లీషులో మైట్ అంటారు) పిల్ల కుడితే వస్తుంది. మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. నడుము, చంక, గజ్జ, రొమ్ముల కింద, ఇట్లా బట్ట బిగుసుకునే చోట చేరి కుడుతుంది. కుట్టిన చోట సిగరెట్టు కాల్చినట్టు నల్లపక్కు కడుతుంది. అది అందరికీ రాదు, నాకు వచ్చింది. కుట్టినాక ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల లోపు జ్వరం. జపాన్ వాళ్లు దీన్ని ఎప్పటినుంచో ఎరుగుదురు. దీని సూక్ష్మజీవి పేరులోని 'త్సుత్సుగాముషి' వాళ్ల మాటే. అటు జపాన్, ఇటు పాకిస్తాన్, కింద ఉత్తర ఆస్ట్రేలియా, ఈ మూడు మూలల మధ్య దేశాలన్నింటా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులను పట్టి పీడించింది. మన శేషాచలం కొండ కింద గడ్డిలోనూ ఉంది.

ఐదు రోజుల ఇంజెక్షన్లు ఎందుకు పని చేయలేదో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఈ సూక్ష్మజీవి మన కణాల లోపల దూరి బతుకుతుంది. పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు దాన్ని ఏమీ చేయలేవు. డాక్సీసైక్లిన్ గానీ, అజిత్రోమైసిన్ గానీ ఇవ్వాల. రక్తం ఎలీసా పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టించింది. 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. కొన్ని రూపాయల మాత్ర! మూడో పూట మాత్ర పడినాక రాత్రి నిద్రలో చెమట పట్టి దుప్పటి తడిసిపోయింది. పొద్దున థర్మామీటరు 98.6 చూపించింది. మా ఆయన దాన్ని విదిలించి మళ్లీ పెట్టినాడు, మళ్లీ అదే. ఆయన వెనక్కి తిరిగి కిటికీ వైపు చాలాసేపు నిలబడినాడు. మర్నాటికి ఎలీసా కూడా అదే తేల్చింది.

ఐదో రోజు ఇంటికి పంపినారు. మాత్రలు అన్నం తిన్నాకే, నిండు గ్లాసు నీళ్లతో, వేసుకున్న వెంటనే పడుకోకుండా. పాలతో, ఐరన్ మాత్రలతో కలపకూడదు. జ్వరం పోయినంత సులువుగా నీరసం పోలేదు. పది మెట్లు ఎక్కితే కూలబడేదాన్ని. నోటికి ఏదీ సయించక, చివరికి మా అత్త చేసిన రాగి సంగటి, ఊరిబిండితో నాలుక మళ్లీ తెరుచుకుంది. చెవుల్లో హోరు మూడు వారాలకు తగ్గింది. రెండు నెలల తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. పెద్ద జ్వరం తర్వాత అట్లా రాలి మళ్లీ వస్తుందన్నారు, వచ్చింది. బడిలో నిలబడి పూర్తి పాఠం చెప్పింది సంక్రాంతి సెలవుల తర్వాతే.

హైదరాబాదులో మా ఆడబిడ్డకు ఆసుపత్రి నుంచే ఫోన్ చేసినాం. ఆమె పిల్లలిద్దరినీ నిలబెట్టి చెవుల వెనక, చంకల్లో అంతా వెతికింది. ఏమీ లేదు. ఇది మనిషినుంచి మనిషికి అంటదు, టీకా కూడా లేదు. గడ్డిలో నేరుగా కూర్చోకుండా, బట్టలు పొదల మీద ఆరేయకుండా, ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో వేసేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. మాకు ఆ సంగతి తెలియదు, అంతే. ఇప్పుడు బడిలో ఏ పిల్లకు వానల తర్వాత జ్వరమొచ్చినా వాళ్లమ్మను పక్కకు పిలిచి, "ఒళ్లంతా చూడండి, చంకలు, నడుము, తొడల సందులు కూడా, నల్లపక్కు ఉంటే డాక్టరుకు చూపించండి" అని చెప్తున్నాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను.

పోయిన కార్తీకంలో మళ్లీ తలకోన పోయినాం. కారులో మొదట పెట్టింది టార్పాలిన్. ఇంటికొచ్చి అందరి స్నానాలు అయినాక అమ్మాయి నడుము, చెవుల వెనక చూస్తున్నాను. మా అత్త వచ్చి, నా ముందు పీట వేసుకుని కూర్చుని, తడి జుట్టు ఒక పక్కకు తీసుకుంది.

"నాకూ చూడు మే, ఏమన్నా ఉండాదేమో."