కాలువ గట్టు మీద బోరుబావి

తిరుపతిలో శ్రీనివాస సేతు ఎక్కితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2023లో పూర్తిగా అందుబాటులోకి వచ్చిన ఈ ఫ్లైఓవర్ ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు టీటీడీ భరించింది, మిగతాది స్మార్ట్ సిటీ నిధులు. ఇటు రేణిగుంట విమానాశ్రయం, ఏర్పేడు దగ్గర ఐఐటీ, సత్యవేడు వైపు శ్రీసిటీ పారిశ్రామికవాడ. ఇవన్నీ కావలసినవే, ఒక్కటీ వద్దనను. కానీ పాత చిత్తూరు జిల్లా అంటే ఈ తూర్పు వైపు ఒక్కటే కాదు. పడమటి మండలాలు ఎలా ఉన్నాయో చూడాలని మదనపల్లె బస్సెక్కాను.

చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి గాలి మారిపోతుంది. పీలేరు, వాల్మీకిపురం, ఆ తర్వాత మదనపల్లె. టమోటా మార్కెట్ దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. అక్కడ ఎవరిని పలకరించినా ఆ రోజు బాక్సు ధర తప్ప వేరే మాట లేదు. నేను ఆగకుండా బి.కొత్తకోట వైపు వెళ్లాను. గుట్టలు, చింతచెట్లు, వేరుశనగ చేలు, మధ్యలో హంద్రీ-నీవా పుంగనూరు బ్రాంచ్ కాలువ.

కాలువలో నీళ్లు పారుతున్నాయి. ఆ గట్టును ఆనుకునే ఒక రైతు బోరు నడుపుతున్నాడు! నాకు అర్థం కాక అడిగాను.

"నీళ్లు కండ్ల ముందరే పోతాండాయి సార్. మా చేనికి రావాలంటే పిల్లకాలవ ఉండాల గదా, అది తవ్వలేదు" అన్నాడాయన.

బోరు వెయ్యి అడుగులు దాటిందట. స్టార్టర్ బటన్ నొక్కి చూపించాడు. ముందు కాసేపు ఉత్త గాలి, తర్వాత ఎర్రటి నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. ఒక ఇంచి కూడా లేవు. అరగంట గడిచిందో లేదో మళ్లీ గాలి కొట్టింది. మోటారు కాలిపోతుందని వెంటనే ఆపేశాడు. గ్యాప్ ఇచ్చి మళ్లీ వేయాలట, రాత్రీ పగలూ ఇదే పని. డ్రిప్పు పైపుల కింద టమోటా మొక్కలకు తడి బెత్తెడు మేర కూడా పాకలేదు.

హంద్రీ-నీవా అంటే 40 టీఎంసీల కృష్ణా నీళ్లతో నాలుగు ఉమ్మడి జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకు పైగా తడపాలనుకున్న పథకం. శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన నీళ్లు అనంతపురం జిల్లా జీడిపల్లికి చేరింది 2012లో. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకూ నెల్లూరుకూ ముందు వాటా ఇస్తామని కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నది 1937లో. పెద్ద కాలువలైనా తవ్వారు. పొలానికి నీళ్లు పెట్టే చిన్న కాలువల దగ్గరికొచ్చేసరికి మాత్రం డబ్బులుండవు.

వెనకబడిన జిల్లాల ప్యాకేజీ కింద 2014-15 నుంచి మూడేళ్లపాటు కేంద్రం రాష్ట్రంలో ఏడు జిల్లాలకు, ఒక్కో జిల్లాకు ఏటా రూ.50 కోట్లు ఇచ్చింది. ఉమ్మడి చిత్తూరు కూడా వాటిలో ఉంది. అంటే కాగితం మీద తిరుపతి, పడమట ఉన్న తంబళ్లపల్లె రెండూ ఒకే లెక్క. జిల్లా సగటు తీస్తే శ్రీసిటీ పక్కన ఈ వెయ్యడుగుల బోర్లు కనబడవు. 2022లో జిల్లాలు విడదీశారు సరే, అంతకుముందు పేరుకుపోయిన తేడా ఎవరి ఖాతాలో వేయాలి?

నన్ను బాధపెట్టేది వాటా పద్ధతి. సొంత వాటా పెట్టగలిగిన చోట పని జరుగుతుంది. తిరుపతికి టీటీడీ ఉంది, ఫ్లైఓవర్ లేచింది. రాయచోటి, మదనపల్లె మీదుగా పోవాల్సిన కడప-బెంగళూరు రైలు మార్గానికి రాష్ట్రం సగం ఖర్చు పెట్టుకోవాలన్నారు. 2008-09లో మంజూరైన ఆ లైను కడప నుంచి పెండ్లిమర్రి దాకా వచ్చి ఆగింది. పెట్టుకోలేని వాళ్లను వాటా అడిగితే ఇంకేమవుతుంది?

రాబడి వచ్చే చోటే ఖర్చు పెట్టాలనే వాళ్లుంటారు. తిరుపతికి 1954లోనే విశ్వవిద్యాలయం ఇచ్చారు, తర్వాత మిగతావీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అదే ఊతం పడమటికి ఎప్పుడిచ్చారని?

ముందుగా ఒక్క పని చేయాలి. ఏ మండలంలో ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందో మండలాల వారీగా లెక్క కట్టి గ్రామసభల్లో చదవాలి. పిల్లకాలువల పనులకు ఎవరి వాటా అడగకుండా, వేరే పనులకు మళ్లించే వీల్లేకుండా బడ్జెట్‌లో విడిగా డబ్బు చూపించాలి. ఆ రైతు ఇంకో బోరు వేయడానికి అప్పు కోసం తిరుగుతున్నాడు, కాలువ ఆయన చేనికి పాతిక అడుగుల దూరంలో కూడా లేదు.